మా ఆవిడ రాసిన సంజాయిషీ

నాకు అక్షరం ముక్క రాదన్న సంగతి ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి మా ఆవిడ. ఆ ఏడు వానలు మొదలైన వారానికి, ఒక పొద్దున పొయ్యి దగ్గర నిలబడి, "ఏవండీ, కుడివైపు గోడ ఏమయింది?" అని అడిగింది.

గోడ ఎక్కడికీ పోలేదు. ఆమె చూపులో ఆ పక్క భాగం పోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నా భుజానికి తల ఆనించి, "తలనొప్పి, అంతే, అంతే" అంటూనే ఉంది. మెదడు వెనక భాగంలో సన్నటి నరం పూడుకుపోయిందని డాక్టరు చెప్పాడు. మూడు రోజులు ఉంచుకుని పంపించేశాడు. మాట పోలేదు, కాలూ చెయ్యీ పడిపోలేదు. "అదృష్టవంతులు. మూడు నెలలయ్యాక ఒకసారి చూపించండి" అన్నాడు. ఇంటికొచ్చిన రోజే ఆమె వంట చేసింది. ఉప్పు కూడా సరిగ్గానే పడింది. గండం గడిచిందనుకున్నాను.

నేను పనిచేసేది లాండ్రీలో. ఇంటింటి బట్టలు కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు లారీల్లో వచ్చి పడతాయి. ఉతికే మిషన్లకీ, ఇస్త్రీ రోలర్లకీ ఆవిరి కావాలి. ఆ ఆవిరి పుట్టించే బాయిలర్‌కి కాపలా నేను. అందుకే అక్కడ అందరికీ నేను 'ఆవిరి బాబాయ్'ని. బాయిలర్‌తో పాటు ఒక పుస్తకం కూడా ఉంటుంది. గంటగంటకీ ప్రెషరెంత, నీళ్ళెంత, వాల్వు పరీక్ష చేశారా లేదా, ఏమన్నా తేడా ఉందా, అన్నీ అందులో రాయాలి. అంకెలు నాకొచ్చు. పాత క్యాలెండరు కాయితం వెనక అంకెలు వేసుకుని, నాకు తెలిసిన గుర్తులేవో పెట్టుకునేవాణ్ణి. సాయంత్రం పుస్తకాన్ని సంచీలో పెట్టి ఇంటికి తెచ్చేవాణ్ణి. నేను చెబుతుంటే మా ఆవిడ రాసేది. ఎవరైనా నోటీసు చేతికివ్వబోతే, "చేతుల నిండా గ్రీజు, జేబులో పెట్టెయ్" అనేవాణ్ణి. ఆ జేబు ఇంటికొచ్చాకే ఖాళీ అయ్యేది. "నీ చేతిరాత ముత్యాలయ్యా" అని సూపర్‌వైజర్ మెచ్చుకున్నప్పుడల్లా తల గోక్కుని నవ్వేవాణ్ణి. అలా పద్దెనిమిదేళ్ళు గడిచిపోయాయి.

ఆసుపత్రి నుంచి వచ్చిన రెండోనాడే ఆమె మళ్ళీ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. వద్దన్నా వినలేదు. చకచకా రాసింది. కాకపోతే వారం తిరక్కుండానే సూపర్‌వైజర్ పుస్తకం తెరిచి కనుబొమలు ముడిచాడు.

"ఇదేంటి బాబాయ్, ఒక లైను మీద ఇంకో లైను ఎక్కించావ్? బస్సా ఇది?"

"కరెంటు లేదు సార్. చీకట్లో రాశాను" అన్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆమెను కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. ఎప్పటిలాగే పేపరు పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. పేజీ తిప్పేది కాదు. నేను చూస్తున్నానని తెలిస్తే గబుక్కున తిప్పేది. "ఏం వార్తలే?" అంటే, "ఏముంటాయి, వానలే" అనేది. కిటికీలోంచి చూస్తే ఆ మాత్రం నాకూ తెలుస్తుంది. కానీ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. చెప్పకపోతే అంతా బాగున్నట్టే లెక్క అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

లాండ్రీ గేటు బయట కూరలబండి పెట్టుకునే ఒకావిడ ఉండేది. అందరూ 'బండక్క' అనేవాళ్ళు. ఆ ఎండాకాలం నుంచి ఆమె సాయంత్రాలు బండి తొందరగా కట్టేసి, రెండు వీధుల అవతల ఉన్న కాలేజీకి పోయేది. కాలేజీ వెనక పెద్దవాళ్ళకి చదువు చెప్పే సెంటరుందట. డబ్బు కట్టక్కరలేదట. "నేనిప్పుడు కాలేజీ స్టూడెంట్ని బాబాయ్, కాస్త మర్యాదగా మాట్లాడు" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ కాలేజీ గేటు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే మాత్రం తేలు కుట్టిన దొంగలా తల దించుకుని గబగబా దాటేసేవాణ్ణి. లోపలివాళ్ళు నా మొహం చూసి కనిపెట్టేస్తారేమోనని అనిపించేది.

ఒక సోమవారం సాయంత్రం ఆఫీసు గుమాస్తా అందరికీ తలా ఒక కాయితం పంచాడు. నాది ఎప్పటిలాగే జేబులో పెట్టించుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళింది. చాలాసేపు చూసింది.

"బుధవారం నుంచి అందరూ మెడలో కార్డు వేసుకోవాలట" అంది.

"ఇంత పొడుగు కాయితంలో అంతేనా?"

"కార్డు పోతే ఎవరికి చెప్పాలో, అదీ ఇదీ రాశారు. మీకెందుకదంతా?"

మంగళవారం లాండ్రీకి సెలవు. బుధవారం పొద్దున ఆరు కాకముందే వెళ్ళాను. సన్నగా వాన పడుతోంది. మెడలో కార్డు ఊగుతోంది. వాచ్‌మన్ తన గదిలో తల వాల్చి కునుకుతున్నాడు. నా వెనకాలే వచ్చే ఇస్త్రీ సెక్షన్ వాళ్ళు ఒక్కరూ కనబడలేదు. వాన కదా, ఆలస్యమవుతున్నారులే అనుకున్నాను. ముందురోజు సెలవు కాబట్టి బాయిలర్ చల్లగా ఉంది. గాజు గొట్టంలో నీటిమట్టం చూశాను. ఆయిలు వాల్వు తిప్పాను. పచ్చ బటన్ నొక్కాను.

బటన్ నొక్కగానే మంట రాదు. ముందు ఫ్యాన్ తిరిగి, లోపల మిగిలిన గాలిని అర నిమిషం పాటు పొగగొట్టంలోకి తోసేస్తుంది. ఆ తర్వాత నిప్పురవ్వ, దాని వెనకే ఆయిలు, దాని వెనకే మంట. ఆ అర నిమిషంలో రోజూ నేను చేసే పని ఒకటే, చొక్కా చేతులు మడుచుకోవడం. ఎడమ చెయ్యి మడిచాను. కుడి చెయ్యి సగం మడిచాను.

లోపల ఎవరో దగ్గారు.

ముందు నాకు అర్థం కాలేదు. మళ్ళీ దగ్గు. ఆ తర్వాత ఇనుము మీద దబదబా దెబ్బలు. నా చెయ్యి ఎర్ర బటన్ మీద ఎప్పుడు పడిందో నాకే తెలియదు. ఫ్యాన్ ఆగింది. ఆగినా లోపల దెబ్బలు ఆగలేదు. గోడ వైపు సందులోంచి బాయిలర్ వెనక్కి పరిగెత్తాను. వెనక తలుపు తెరిచి ఉంది. అందులోంచి రెండు కాళ్ళు, నడుము, ఆ తర్వాత మొత్తం మనిషి జారి నేల మీద పడ్డాడు. ఒంటి నిండా మసి. కళ్ళు తప్ప ఏమీ కనబడ్డం లేదు. గొట్టాల్లో మసి తుడవడానికి బయటి కంపెనీ నుంచి వచ్చిన మనిషి. అతనికి తోడు వచ్చినవాడు టీ తాగడానికి వెళ్ళాడట.

నీళ్ళు తెచ్చిచ్చాను. గ్లాసు పట్టుకోలేకపోయాడు. నేనే పట్టి తాగించాను. సగం నీళ్ళు అతని గుండెల మీద ఒలికాయి.

"పది గంటల దాకా ముట్టించొద్దని నోటీసిచ్చారు కదన్నా" అన్నాడు.

ఖాళీ గ్లాసు కింద పెట్టాను.

"నువ్వు ఆపేసరికి ఇంకా ఎంతసేపుంది?"

"ఏది?"

"మంట రావడానికి."

అబద్ధం చెబుదామనుకున్నాను. "ఆరేడు లెక్కపెట్టేంత" అన్నాను.

అతను తల ఊపి, గోడకి చేరగిలబడి, నెమ్మదిగా ఏదో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. పెదాలు కదలడం కనిపించింది. ఏడు దగ్గర ఆగిపోయాడు.

పదింటికి సూపర్‌వైజర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. అరిచే రకమూ కాదు. అందుకే ఇంకా భయమేసింది.

"నోటీసు అందిందా?"

"అందింది సార్."

"మరి?"

"జేబులోనే ఉండిపోయింది."

నా మెడలోని కార్డు వంక చూశాడు. మా లాండ్రీలో ఆ కార్డు ఎవరూ వేసుకోరు. ఎందుకు వేసుకున్నావని అడగలేదు. "శుక్రవారం పొద్దున్నకి సంజాయిషీ రాసి పట్రా. పైకి పంపాలి. ఒక మనిషి ప్రాణం బాబాయ్. నువ్వేం రాస్తావో దాన్ని బట్టే ఉంటుంది ఉద్యోగమైనా, పోలీసు కేసైనా. అప్పటిదాకా బాయిలర్ దగ్గరికి రాకు" అన్నాడు.

ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. మా ఆవిడ వింటూ వింటూ చటుక్కున నేల మీద కూర్చుండిపోయింది.

"ఆ మనిషి బాగున్నాడా?"

"బాగున్నాడు."

"కాలలేదుగా?"

"లేదే. ఆ కాయితంలో నిజంగా కార్డుల సంగతే ఉందా?"

"కళ్ళు మసకగా ఉన్నాయి ఆ రోజు. ఏదో తప్పు చదివుంటాను." మళ్ళీ అడిగింది. "ఆ మనిషి బాగున్నాడా?"

మర్నాడు మధ్యాహ్నం సంజాయిషీకి కూర్చున్నాం. రాత్రంతా మనసులో కూడబెట్టుకున్న మాటలు చెప్పాను. నోటీసు వానలో తడిసిపోయింది, అక్షరాలు చెరిగిపోయాయి, పద్దెనిమిదేళ్ళలో ఒక్క తప్పు చేయలేదు, ఈ ఒక్కసారికి క్షమించండి. నేను చెప్పింది నాలుగు ముక్కలు. ఆమె మాత్రం తల ఎత్తకుండా రాస్తూనే ఉంది. పేజీ నిండింది. వెనక్కి తిప్పింది.

"ఇంతుందేమిటి?"

"పెద్దవాళ్ళకి పంపేది కదా. మర్యాదగా రాయద్దూ?"

"ఒకసారి చదివి వినిపించు."

ఆమె కాయితం చేతిలోకి తీసుకుంది. దాని వంక చూసింది. నేను చెప్పిన నాలుగు ముక్కలూ నేను చెప్పినట్టే అప్పజెప్పింది. కాయితం ముందువైపే చూస్తూ చెప్పింది. వెనక్కి తిప్పనే లేదు.

ఆ కాయితం ఎవరిచేతైనా చదివించాలి. ఇరుగుపొరుగు దగ్గరికి తీసుకెళ్తే రేపటికి వీధంతా తెలిసిపోతుంది. లాండ్రీలో ఎవర్నీ అడగలేను. ఏం రాసి ఉందో తెలియని కాయితం మీద నా తలరాత ఆధారపడి ఉంది. సాయంత్రం దాన్ని జేబులో పెట్టుకుని, అలా తిరిగొస్తానని చెప్పి బయటికొచ్చాను. కాళ్ళు కాలేజీ వైపు నడిచాయి. గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి వాన పెద్దదయింది. అది తప్పించుకోవడానికన్నట్టు లోపలికి దూరాను.

వెనక బిల్డింగులో పొడుగాటి గది. ట్యూబులైట్లు. చిన్నపిల్లల బల్లల్లా కాకుండా పెద్ద బల్లలే వేశారు. పదిమంది దాకా ఉన్నారు. అందరూ నా ఈడువాళ్ళో, నాకన్నా పెద్దవాళ్ళో. మూడో బల్ల దగ్గర బండక్క ఉంది. నన్ను చూసింది. ఇంక నా పని అయిపోయింది, రేపు గేటు దగ్గర అందరి ముందూ ఆడుకుంటుంది అనుకున్నాను. ఆమె మాత్రం తల దించుకుని తన పుస్తకంలో రాసుకోసాగింది.

టీచరమ్మ నా దగ్గరికొచ్చింది. పొట్టి జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చేతులకి సుద్ద.

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా. కాస్త ఇది చదివి పెడతారా?"

"ఇక్కడికి మొదటిసారి వచ్చేవాళ్ళంతా కళ్ళజోడు మర్చిపోయే వస్తారు. కూర్చోండి" అంది. వెక్కిరింపు లేదు ఆ మాటలో.

నన్ను బయట వరండాలోకి తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చదివింది.

"'అయ్యా, నా భర్త రాయమన్నది వేరు, నేను రాస్తున్నది వేరు. ఆయనకి చదవడం రాదు. పద్దెనిమిదేళ్ళుగా మీ పుస్తకం రాసింది నేను. అంకెలు ఆయనవి, అక్షరాలు నావి. వానలు మొదలైనప్పుడు నాకు జబ్బు చేసింది. అప్పటినుంచి రాయగలను గాని చదవలేను. నేను రాసింది కూడా నేను చదవలేను. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన నోటీసు తెస్తే కార్డులు వేసుకోమన్నారని చెప్పాను. అంతకుముందు ఆయనే ఎప్పుడో కార్డుల మాట అన్నారు, అది గుర్తొచ్చి చెప్పాను. ఆ లోపల ఉన్న మనిషికి ఏమన్నా అయ్యుంటే ఆ పాపం నాది. ఆయన్ని ఏమీ అనకండి. ఇందులో ఏమైనా తప్పులుంటే మన్నించండి, సరిచూసుకోలేను.' కింద 'ఆయన భార్య' అని ఉంది."

వాన చప్పుడులో ఆ గొంతు ఎంత చిన్నగా ఉన్నా నాకు ఒక్కో మాటా వినపడింది. ఇన్ని రోజులూ గుమ్మం దగ్గర పేపరు పట్టుకుని ఆమె ఏం చూసిందో అప్పుడు తెలిసింది.

టీచరమ్మ కాయితాన్ని మడత పెట్టింది. "ఇది మీరు ఇవ్వాలని లేదు. మీరు చెప్పాలనుకున్నది చెప్పండి, నేను రాసి పెడతాను. తడిసిపోయిందనో, మరొకటో."

ఇది ఇస్తే పద్దెనిమిదేళ్ళ పుస్తకాలన్నీ నా మెడకి చుట్టుకుంటాయి. ఇవ్వకపోతే మళ్ళీ అదే బాయిలర్, అదే పచ్చ బటన్, జేబులో మరో కాయితం. ఈసారి దాన్ని చదివేవాళ్ళే ఇంట్లో లేరు.

"వద్దమ్మా. ఇదే ఉండనివ్వండి" అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది. తుడుచుకుంటూ ఆ గుడ్డ చాటు నుంచే చెప్పాను.

"కాలేజీ టీచరమ్మ చదివింది."

ఆమె నా చేతిలోంచి తువ్వాలు తీసుకుంది.

"తప్పులున్నాయా?"

"రెండు చోట్ల లైన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయట. మిగతాదంతా సరిగ్గానే ఉందంది."

"చింపేస్తారా?"

"లేదు."

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా ఏడవలేదు. "అక్షరాలు కనబడతాయండీ. వేరే దేశం వాళ్ళెవరో రాసినట్టుంటాయి. చెయ్యి దాని పాటికి అది రాసుకుపోతుంది. తీరా రాసి చూస్తే అది నాదో కాదో నాకే తెలీదు."

"నాతో చెప్పొద్దుటే?"

"చెబితే ఇంట్లో ఇద్దరం ఒకటే అయిపోతాం కదా. ఇంక మిమ్మల్ని ఎవరు చూస్తారు?"

శుక్రవారం పొద్దున సూపర్‌వైజర్ ఆ కాయితాన్ని ఒకసారి చదివాడు. లేచి తలుపు మూసి వచ్చి మళ్ళీ చదివాడు. అతని వెనక బీరువాలో బాయిలర్ పుస్తకాలు వరసగా ఉన్నాయి. నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

"ఇన్ని పుస్తకాల్లో నువ్వు రాసిన అక్షరం ఒక్కటి కూడా లేదా?"

"అంకెలన్నీ నావే సార్. ఒక్కటి కూడా అబద్ధం రాయించలేదు."

"నేనేమో ముత్యాలు ముత్యాలు అని ఊరంతా చెప్పుకున్నాను." కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ మసి తుడిచే అతను ఏం చెప్పాడో తెలుసా? దగ్గు వినగానే ఆపాడు సార్ అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. బాయిలర్ గది తాళాలు అక్కడ పెట్టు."

పెట్టాను. నన్ను దుప్పట్లు మడతపెట్టే సెక్షన్లో వేశారు. మూడు నెలలు గడువు. ఈలోగా చదవడం నేర్చుకుని, పైవాళ్ళ ముందు నోటీసు చదివి చూపిస్తే సరి. లేకపోతే దుప్పట్లు కూడా ఉండవు. పోలీసు కేసు లేదన్నారు, కానీ ఆ తర్వాత చాలా రోజులు వీధిలో బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, నా చేతిలో పని ఆగిపోయేది.

మర్నాటి సాయంత్రం నుంచే కాలేజీకి పోయాను. మా ఆవిడని రమ్మంటే రానంది. "ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, మళ్ళీ అ ఆలు దిద్దమంటారా? నలుగురూ నవ్వరూ?" రెండో వారంలో ఒకరోజు టీచరమ్మ మా ఇంటికే వచ్చింది. ఇద్దరూ వంటింట్లో తలుపు మూసుకుని ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బయటికొచ్చేసరికి మా ఆవిడ చీర మార్చుకుని ఉంది.

మొదటిరోజు టీచరమ్మ ఆమెని బోర్డు మీద ఏదైనా రాయమంది. ఆమె రాసింది. గది గదంతా నోరు తెరుచుకుని చూసింది, అచ్చులో పోసినట్టున్నాయా అక్షరాలు. "ఇప్పుడు చదవండి" అంది టీచరమ్మ. మా ఆవిడ బోర్డు వైపు తిరిగింది. నిలబడింది. మెడ మీద చెమట నేను కూర్చున్న చోటికి కనబడింది. చివరికి తల అడ్డంగా ఊపింది. అప్పుడు బండక్క తన బల్ల దగ్గర్నుంచి, "పోన్లే వదినా, నాకు నిన్న మా ఆయన పేరు కూడా చదవడం రాలేదు. అదృష్టం కొద్దీ మనిషిని గుర్తుపట్టాను" అంది. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా.

నేను నెమ్మదిగా అక్షరాలు పట్టుకున్నాను. ఒక్కోదాన్నీ గుర్తుపట్టేవాణ్ణి, కలపడం వచ్చేది కాదు. నాలుగు అక్షరాలు దాటేసరికి మొదటిది పారిపోయేది. రాత్రిళ్ళు ఎర్ర బటనూ, అక్షరాలూ కలగలిసి కలలోకి వచ్చేవి. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని పాఠంతో కుస్తీ పడుతున్నాను. మా ఆవిడ నాకు వీపు పెట్టి బెండకాయలు తరుగుతోంది.

"మ... పక్కన సున్న... ద కి కొమ్ము... ల కి కొమ్ము..." మళ్ళీ మొదటినుంచి. "మ... సున్న..."

"మందులు" అంది ఆమె, వెనక్కి తిరక్కుండా.

కత్తి ఆగిపోయింది. నా వేలు కూడా. ఆమె నెమ్మదిగా నా వైపు తిరిగింది. భయపడింది. నేనూ భయపడ్డాను, కాకతాళీయమేమోనని.

"గ నెత్తిన మెలికేదో... ఒత్వం అది. ఆ, గొ. తర్వాత డ కి కొమ్ము. గ కి కొమ్ము."

"గొడుగు."

ఆ పూట అన్నం తినేసరికి మూడయింది. మందుల పెట్టె మీద ఉన్నవన్నీ చదివాం. గోడ క్యాలెండరు చదివాం. పాత నోటీసు ఎక్కడుందో వెతికి తీశాను. దాన్ని సగం దాకా చదివి ఆపేశాం. 'లోపల మనుషులు' అన్న మాట రాగానే ఆమె చెవులు మూసుకుంది.

గడువు దగ్గర పడ్డాక ఒకరోజు పైనుంచి ఇద్దరు వచ్చారు. సూపర్‌వైజర్ గదిలో నిలబెట్టి కాయితం చేతికిచ్చారు. ఎనిమిది లైన్లు. చెమటకి కాయితం అంచు తడిసిపోయింది. ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ, మధ్యలో నాలుగుసార్లు ఆగి, ఒక మాట తప్పు చదివి దిద్దుకుని, ఎలాగో ఒడ్డుకి చేరాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాళాలు ఇచ్చారు. ఇంకో ఏడాది దాకా పుస్తకంలో నా పక్కన వేరొకరి సంతకం కూడా ఉండాలన్నారు. సరేనన్నాను. ఆ రోజు బాయిలర్ ముట్టించే ముందు వెనక్కి వెళ్ళి తలుపు తీసి, "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచాను. ఇప్పటికీ రోజూ పిలుస్తాను. కుర్రవాళ్ళు నవ్వుకుంటారు.

ఆ వారంలోనే మా ఆవిడని మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఏవేవో కార్డులు చూపించాడు, లైటు వేసి కళ్ళు చూశాడు. "చదవడం ఎప్పటికి వస్తుంది బాబూ?" అని ఆమె అడిగితే, "చూద్దామమ్మా, కంగారు పడకండి" అని ఒక కాయితం రాసి నా చేతికిచ్చాడు.

బయట కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాం.

"చదవండి" అంది. అంటే అక్షరాలు చెప్పమని.

చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని వింటూ ఒక్కో మాటా కలిపింది. మాట, నడక, చేతిరాత బాగున్నాయి. ఆ ముక్క వినగానే నవ్వింది. తర్వాతి లైనుకి వచ్చాం. చదివే. శక్తి. పూర్తిగా. తిరిగి. రావడం.

ఆ తర్వాతి మాట నాకు చూడగానే తెలిసిపోయింది. కూడబలుక్కోలేదు, అక్షరాలు విడదీసుకోలేదు. నా జీవితంలో ఒక మాటని అలా చూసి అలా చదవడం అదే మొదలు. పక్కన ఆమె కళ్ళు మూసుకునే ఉంది, ఎదురుచూస్తోంది. నేనేం చెబితే అదే అక్కడ రాసి ఉన్నట్టు. వేరే అక్షరాలు చెప్పొచ్చు. ఏవి చెప్పాలో కూడా నాకిప్పుడు వచ్చు.

"ఆగిపోయారేం?"

"క" అన్నాను. "ష కింద ట వత్తు. పక్కన సున్న."

ఆమె పెదాలు కదిలాయి. "కష్టం" అంది.

స్ట్రెచరు ఒకటి మా ముందు నుంచి వెళ్ళింది. కాళ్ళు వెనక్కి తీసుకుని దారిచ్చాం.

"తర్వాత ఇంకేమైనా ఉందా?"

"లేదు. చుక్క పెట్టారు."

కళ్ళు తెరిచింది. నా చేతిలోంచి కాయితం తీసుకుని, అంచులు కలిపి మడిచి సంచీలో పెట్టుకుంది. "పాపం, ఆ డాక్టరు నోటితో చెప్పలేకపోయాడు" అని, బెంచీ మీద నుంచి లేచి నిలబడింది.

"పదండి. క్లాసుకి టైమవుతోంది."